వేల్సు దేశమున గ్రంథవిద్య

గ్రేటు బ్రిటను ద్వీపమునకు పడమటి భాగమున వేల్సు అను చిన్న దేశము కలదు. దానికి తూర్పున ఇంగ్లండు. తక్కిన మూడు దిక్కుల సముద్రము. దేశమంతయు కొండలు, లోయలు, గొఱ్ఱెల మందలు. ఉత్తర భాగమున పలకరాతి గనులును, దక్షిణ భాగమున బొగ్గుగనులును పూర్వము వేలకొలది కుటుంబములకు కూడుపెట్టినవి. దేశ జనసంఖ్య సుమారు 31 లక్షలు.

ఈ దేశమునకొక సొంత భాష కలదు. లోకము దానిని వేల్సు భాష యని పిలుచును; ఆ భాష మాటలాడువారు మాత్రము ‘కమ్రైగ్’ అందురు. అది ఇంగ్లీషునకు మాండలికము కాదు. కెల్టిక్ అను వేఱొక భాషాకుటుంబమునకు చెందినది. ఫ్రాన్సు దేశపు పడమటి తీరమున వినవచ్చు బ్రెటన్ భాష దానికి దగ్గరి చుట్టము. వేల్సు సాహిత్యమునకు వేయి యేండ్లకు మించిన చరిత్ర కలదు. ఐనను 2021వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఈ భాష వచ్చునని చెప్పినవారు 5 లక్షల 38 వేలమంది మాత్రమే. అనగా నూటికి పదునెనమండుగురు కూడ లేరు.

ఇంత కొద్దిమంది మాటలాడు భాషలో విశ్వవిద్యాలయవిద్య సాగుచున్నది. సాహిత్యచరిత్రయు వ్యాకరణమును చదువుటయే కాదు. కథలు, నవలలు, పద్యములు, నాటకములు వ్రాయుట యెట్లో, వ్రాసినదానిని సరిదిద్ది పుస్తకముగా వెలువరించుట యెట్లో ఆ భాషలోనే అభ్యసించు అవకాశము అక్కడి యువకులకు కలదు. రచన నేర్చుట, ప్రచురణ నేర్చుట అను నీ రెండును కలిసి గ్రంథవిద్య. వినినవారికి వెంటనే ఒక సందేహము కలుగును. కోట్లకొలది పాఠకులు గల ఇంగ్లీషు భాష ఆ దేశమున అందఱికిని వచ్చును గదా! ఇంగ్లీషులో వ్రాసిన లోకమంతయు చదువును. మఱి ఈ చిన్న భాషలో గ్రంథవిద్య ఏల? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము వేల్సు ప్రజల చరిత్రలోనే యున్నది.

1536వ సంవత్సరమున ఇంగ్లండు రాజు చేసిన చట్టమువలన వేల్సు దేశమున న్యాయస్థానములకు ఇంగ్లీషే భాష యయ్యెను. ఆ భాష రానివారికి రాజోద్యోగములు దక్కకపోయెను. నాటి నుండి వేల్సు భాష అధికారమునకు దూరమై, ఇంటిలోను, పొలములోను, ప్రార్థనాలయములోను మాత్రమే నిలిచెను. ఐనను దానిని పుస్తకములు కాపాడెను. 1546లో వేల్సు భాషలో మొదటి అచ్చుపుస్తకము లండనులో వెలువడెను. 1588లో విలియం మోర్గన్ అను మతాచార్యుడు బైబిలును సంపూర్ణముగా వేల్సు భాషలోనికి అనువదించి ప్రకటించెను. ప్రతి గ్రామమునను ఆదివారమున ఆ గ్రంథమును చదువుట విని ప్రజలు మంచి భాష యెట్టిదో తెలిసికొనిరి. రాజు ఆదరింపని భాషకు ఒక పుస్తకము రాజ్యమంత యండ యయ్యెను.

పందొమ్మిదవ శతాబ్దమున మఱొక గండము వచ్చెను. 1847లో ప్రభుత్వము నియమించిన ముగ్గురు అధికారులు వేల్సు బడులను పరీక్షించి నివేదిక సమర్పించిరి. వారిలో ఎవరికిని వేల్సు భాష రాదు. ప్రజల అజ్ఞానమునకు వారి భాషయే కారణమని ఆ నివేదిక నిందించెను. కొన్ని బడులలో వేల్సు మాట నోటవచ్చిన పిల్లవాని మెడలో ఒక కొయ్యముక్క వ్రేలాడదీయుచుండిరి. వాడు మఱియొకని నోట ఆ మాట వినినచో కొయ్యముక్క వాని మెడకు మాఱును. సాయంకాలమున అది యెవని మెడలో నుండునో వానికి దెబ్బలు తప్పవు. తల్లి నేర్పిన మాటకు బిడ్డ సిగ్గుపడవలసిన స్థితి అట్లు దాపురించెను.

ఆ ప్రజలే తమ బిడ్డలకు ఉన్నతవిద్య కావలెనని చందాలు వేసికొని కళాశాలలు కట్టుకొనిరి. సముద్రతీరమున అబెరిస్ట్విత్ పట్టణమందు, పూర్తికాని యొక పెద్ద హోటలు భవనమును కొని 1872లో కళాశాల తెఱచిరి. అప్పుడు చేరినవారు 26 మంది విద్యార్థులు. 1884లో ఉత్తరమున బాంగర్ పట్టణమందు ఒక పాత సత్రములో 58 మందితో మఱొక కళాశాల ప్రారంభమయ్యెను. పలకరాతి గనులలో పనిచేయు కూలివారు తమ వారపు కూలిలో కొంత తీసి దానికి విరాళమిచ్చిరి. ఐతే విచారింపదగిన విషయ మొకటి యున్నది. వేల్సు ప్రజల పైసలతో కట్టిన ఆ కళాశాలలలో బోధనాభాష ఇంగ్లీషే. తొలినాళ్ళలో వేల్సు సాహిత్యపాఠములను సైతము ఇంగ్లీషుననే చెప్పుచుండిరి. తమ కవిత్వమును గూర్చి తాము పరభాషలో వినవలసి వచ్చెను.

ఈ చరిత్రలో నుండి వచ్చిన యొక రచయిత్రి జీవితము గ్రంథవిద్య ఏల కావలెనో స్పష్టముగా తెలుపును. ఆమె పేరు కేట్ రాబర్ట్స్. 1891లో బాంగర్‌కు చేరువనున్న రోస్‌గాడ్వన్ అను కొండగ్రామమున ఆమె జన్మించెను. తండ్రి పలకరాతి గనిలో కూలి. 1910 నుండి 1913 వఱకు ఆమె బాంగర్ కళాశాలలో చదివి ఉపాధ్యాయురాలయ్యెను. మొదటి ప్రపంచయుద్ధమున గాయపడిన ఆమె తమ్ముడు 1917లో మాల్టా ద్వీపమున మరణించెను. ఆ దుఃఖమును మనసులో నణచుకొనలేక ఆమె కలము పట్టెను. గనికూలి కుటుంబముల కష్టములను, ఆ యిండ్ల స్త్రీల మౌనమును ఆమె వలె వర్ణించినవారు లేరు. ఒక గనికూలి కుటుంబపు బ్రదుకును చిత్రించిన ఆమె నవల 1936లో వెలువడెను. ‘సంకెళ్ళలోని పాదములు’ అని దాని పేరునకు అర్థము.

1935లో ఆమెయు, ముద్రణవృత్తి తెలిసిన ఆమె భర్తయు డెన్‌బీ పట్టణములోని గీ ముద్రణాలయమును కొనిరి. అది సామాన్యమైన అచ్చుకూటము కాదు. 1854 మొదలు 1879 వఱకు పది సంపుటములుగా వెలువడిన వేల్సు విజ్ఞానసర్వస్వమును అచ్చువేసిన స్థలము అది. అట్టి ముద్రణాలయము మూతపడకూడదని ఆ దంపతులు తలంచిరి. 1946లో భర్త మరణించెను. సంతానము లేదు. ఐనను ఆమె ఇంచుమించు పదేండ్లు ఒంటరిగా ఆ భారము మోసెను. అచ్చుపని, లెక్కలు, వారపత్రిక, పనివారి కూలి, కాగితపు కొఱత — అన్నియు ఆమె చూచుకొనవలసినవే.

దానికి ఆమె చెల్లించిన మూల్య మేమి? 1937లో ఆమె కథల సంపుటి యొకటి వెలువడెను. తరువాతి పుస్తకము వెలువడినది 1949లో. నడుమ పన్నెండేండ్లు! ఆ దేశపు గొప్ప వచనరచయిత్రి కలము నుండి పన్నెండేండ్లు ఒక్క గ్రంథమైనను రాలేదు. ముద్రణాలయపు బాధ్యత తీఱిన తరువాత 1959లో బాలల బ్రదుకును చిత్రించిన కథల పుస్తకమును, 1960లో స్వీయచరిత్రను ఆమె ప్రకటించెను. 1985లో తొంబదినాలుగేండ్ల వయసున మరణించెను. ఆమెయే పుస్తకము వ్రాసి, ఆమెయే అచ్చువేయించి, ఆమెయే లెక్కలు చూడవలసి వచ్చెను. ఆ పనులు చేయుటకు ఆ భాషలో శిక్షణ పొందినవారు నలుగురున్నచో ఆ పన్నెండేండ్లు సాహిత్యమునకు దక్కియుండెడివి కాదా?

ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆ దేశమువారు ఈ పాఠమును గ్రహించిరి. 1961లో వేల్సు గ్రంథమండలి స్థాపితమయ్యెను. మఱుసటి సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీన సాండర్స్ లూయిస్ అను నాటకకర్త రేడియోలో ప్రసంగించుచు, ప్రజలు పూనుకొననిచో ఇరువదియొకటవ శతాబ్దము మొదలగు నాటికి వేల్సు సజీవభాషగా మిగులదని హెచ్చరించెను. ఆ హెచ్చరిక యువకులను మేలుకొలిపెను. 1967లో అబెరిస్ట్విత్‌కు చేరువనున్న టాలిబాంట్ గ్రామమున ‘అ లోల్వా’ అను ప్రచురణశాల వెలసెను. 1973 నుండి ఊరూరను స్వచ్ఛందముగా నడుపు చిన్న స్థానిక పత్రికలు పుట్టినవి. 1982లో వేల్సు టెలివిజను ప్రసారశాఖ యేర్పడెను. 2011లో చేసిన శాసనమువలన ఆ దేశమున ఈ భాషకు అధికారస్థానము లభించెను.

ఆ 2011లోనే ఉన్నతవిద్యకు సంబంధించిన మఱొక ముఖ్యమైన సంస్థయు పుట్టినది. దాని పేరునకు ‘జాతీయ వేల్సు కళాశాల’ అని అర్థము. పేరు కళాశాలయే గాని, సొంత తరగతిగదులతో వేఱుగా నడచు కళాశాల కాదు. దేశములోని విశ్వవిద్యాలయములతో కలిసి, వేల్సు భాషలో పాఠములు చెప్పు ఉపన్యాసకులకును, ఆ పాఠములు చదువు విద్యార్థులకును ధనసహాయము చేయుట దాని పని. ఒక్క సాహిత్యమేకాక విజ్ఞానము, న్యాయము, వైద్యము మొదలగు శాస్త్రములందును వేల్సు బోధన పెరుగుటకు అది తోడ్పడుచున్నది.

ఇక రచనావిద్య యెట్లు సాగునో చూతము. పూర్వము కవులు విశ్వవిద్యాలయములలో తయారు కాలేదు. ప్రార్థనాలయపు ఆదివారపు బడి, ఊరి సాహిత్యసభ, ఇరుగుపొరుగున నున్న వృద్ధకవి — వీరే గురువులు. హెద్ విన్ అను కలము పేరు గల యొక గొఱ్ఱెలకాపరి అట్లే కవియై, 1917లో జాతీయ సాహిత్యోత్సవపు పరమబహుమానమైన కవిపీఠమును గెలుచుకొనెను. సభలో విజేత పేరు పిలిచిరి, ఎవరును లేవలేదు. ఐదు వారములకు పైగా పూర్వమే అతడు బెల్జియం యుద్ధభూమిలో మరణించియుండెను. పీఠముపై నల్లని వస్త్రము కప్పి అతని స్వగ్రామమునకు పంపిరి.

ఆ సాహిత్యోత్సవమును ‘ఐస్టెద్‌వాడ్’ అందురు. అది నేటికిని ప్రతి సంవత్సరము ఆగస్టు మాసమున జరుగుచున్నది. కవులు కలము పేర్లతోనే రచనలు పంపుదురు. న్యాయనిర్ణేతలు తమ తీర్పును సభలో వివరించి, విజేత కలము పేరు ప్రకటింతురు. వేలమంది నడుమ కవి లేచి నిలుచును. యోగ్యమైన రచన రానియేడు బహుమానమే యీయరు. తీర్పులన్నియు ఆ యేడే పుస్తకముగా అచ్చగును. ఓడినవాడు తన రచనలోని దోషమేమో అందు చదివి తెలిసికొనవచ్చును.

ప్రార్థనాలయములు పలుచబడి, ఊరి సభలు తగ్గిన ఈ కాలమున, ఆ గురువుల పనిలో కొంత విశ్వవిద్యాలయము చేపట్టవలసి వచ్చెను. తరగతిలో విద్యార్థి తాను వ్రాసినది సహాధ్యాయుల యెదుట ఉంచును. వారు గుణదోషములు చెప్పుదురు. ఉపన్యాసకుడు సవరణలు సూచించును. విద్యార్థి మఱల వ్రాయును. ప్రాచీనకథలను, పదునాలుగవ శతాబ్దపు కవిత్వమును, నేటి నవలలను చదువక యెవరును వ్రాయుటకు పూనుకొనరాదు. మన పద్యమునకు యతిప్రాసలున్నట్లే వారి ప్రాచీన పద్యరీతికి ‘కంఘానెద్’ అను నియమము కలదు. పాదమున మొదటి భాగములోని హల్లులు రెండవ భాగమున అదే వరుసలో మఱల రావలెను. లేదా లోపల ప్రాస పొసగవలెను. ఈ నియమమును చెవికి అలవాటు చేసికొనుటకు ఏండ్లు పట్టును. బోధించువారిలో స్వయముగా రచయితలైనవారును కలరు. బాంగర్‌లో ఆచార్యపదవి వహించిన అంఘారద్ ప్రైస్ అను రచయిత్రి నవల 2002లో ఐస్టెద్‌వాడ్ వచనపతకమును గెలిచి, తరువాత పరభాషలలోనికిని అనువాదమయ్యెను.

వ్రాయుట సగము పని మాత్రమే. వ్రాతప్రతి పుస్తకమగుటకు పరిష్కర్త కావలెను. వేల్సు భాషలో ఇది తేలికైన పని కాదు. ఆ భాషలో పదపు మొదటి హల్లు సందర్భమును బట్టి మాఱును. దేశము పేరు ‘కమ్రి’. ‘కమ్రికి’ అని చెప్పవలసినపుడు అది ‘గమ్రి’ యగును. ‘వాడు, కొట్టె’ అనునవి కలిసి ‘వాడుగొట్టె’ యగుట నేర్చిన తెలుగు విద్యార్థులకు ఇది వింత కాదు. ఇక ప్రాంతభేదములు వేఱు. పాలను దక్షిణాదివారు ‘ల్లైథ్’ అందురు. ఉత్తరాదివారు ‘లెవ్రిథ్’ అందురు. ‘ఇప్పుడు’ అను మాటకు దక్షిణమున ‘నౌర్’, ఉత్తరమున ‘రుఅన్’. రోమను లిపిలో ఒక మాటను తలక్రిందుగా వ్రాసిన రెండవది వచ్చుట ఒక వినోదము! కథలోని ముసలమ్మ ఏ యూరిదో ఆ యూరి మాటయే ఆమె నోట రావలెను. వ్యాసమున అందఱికిని తెలియు మాట యుండవలెను. ఈ వివేకము ఇంగ్లీషు పుస్తకములు దిద్దుటవలన రాదు. వేల్సు పుస్తకములను వేల్సు భాషలో చర్చించుచు దిద్దినగాని అలవడదు.

పరిష్కరణము తరువాత లెక్క. ఒక పుస్తకమును పరిష్కరించి, అక్షరములు కూర్చి, ముఖచిత్రము వేయించుటకు 5,000 పౌనులు వ్యయమగునని ఊహింతము. 50,000 ప్రతులు అమ్ముడైనచో ఒక్కొక్క ప్రతిపై పడు భారము పౌనులో పదవ వంతు. 500 ప్రతులే అమ్ముడైనచో ఒక్కొక్క ప్రతిపై 10 పౌనులు పడును. కాగితము, అచ్చు, రవాణా ఖర్చులు వేఱు. పెద్ద భాషకును చిన్న భాషకును గల భేదము ఈ చిన్న లెక్కలోనే యున్నది. రచన యెంత మంచిదైనను వెల భరింపరానిదైనచో పాఠకుడు కొనలేడు. అందుచేతనే గ్రంథమండలి ప్రభుత్వధనముతో ప్రచురణశాలలకు సహాయము చేయును. తన పంపిణీకేంద్రము నుండి అంగళ్ళకు పుస్తకములు చేరవేయును. ఏ పుస్తకమునకు ఎన్ని ప్రతులు వేయవలెను, ఏ వెల నిర్ణయింపవలెను, రచయితతో ఒప్పందమెట్లు చేసికొనవలెను, బడిపిల్లలకు దానిని ఎట్లు చేర్చవలెను అను విషయములు ప్రచురణవిద్యలో ముఖ్యమైనవి.

ఇట్టి చదువు చదివినవారికి జీవనోపాధి యేదియని తల్లిదండ్రులు అడుగుట సహజము. అందఱును నవలలు వ్రాసి బ్రదుకలేరు. ఇది ఇంగ్లీషు రచయితలకును వర్తించును. కాని ప్రచురణశాలలు, పత్రికలు, రేడియో, టెలివిజను, బడులు ఆ భాషలో చక్కగా వ్రాయగలవారిని కోరుచున్నవి. ప్రభుత్వకార్యాలయములు ప్రజలకు రెండు భాషలలోను సేవ చేయవలెనని చట్టమున్నందున అనువాదకుల అవసరము ఎప్పుడును కలదు. 1536లో వేల్సు భాష వచ్చుట మాత్రమే ఉద్యోగమునకు చాలలేదు. నేడు ఆ భాష చక్కగా వచ్చుటయే కొన్ని ఉద్యోగములకు అర్హత.

ఐనను గండము గడచినదని చెప్పుటకు వీలులేదు. 1911లో ఆ భాష మాటలాడువారు సుమారు 9 లక్షల 77 వేలమంది. 2011లో 5 లక్షల 62 వేలు. 2021 నాటికి ఆ సంఖ్య ఇంకను తగ్గినది. అందును పదునైదేండ్ల లోపు బాలబాలికలలో తగ్గుదల కనబడినది. నేటి బాలుడు చదువని భాషకు రేపు పాఠకుడు ఉండడు. 2050 నాటికి పదిలక్షలమంది వేల్సు మాటలాడువారు ఉండవలెనని అక్కడి ప్రభుత్వము 2017లో సంకల్పము ప్రకటించెను. సంకల్పము కాగితముపై నున్నంత మాత్రమున భాష పెరుగదు. ఎనిమిదేండ్ల పిల్లవాడు రాత్రివేళ నిద్రమాని చదువునంత మంచి కథ ఆ భాషలో ఉండవలెను. ఆ కథ వ్రాయువారు, దిద్దువారు, బొమ్మలు వేయువారు, అంగడికి చేర్చువారు ఉండవలెను. వారందఱును ఆ పనిని ఆ భాషలోనే నేర్చియుండవలెను. మొదట అడిగిన ప్రశ్నకు ఇదియే ప్రత్యుత్తరము.

తెలుగు మాటలాడువారు ఎనిమిది కోట్లకు పైగా కలరని 2011వ సంవత్సరపు లెక్కలు తెలిపినవి. సంఖ్య పెద్దదైనంతమాత్రమున పుస్తకములు తమంతట తాము పుట్టవు. భాషను ప్రేమింతుమని చెప్పుట సులభము; ఆ భాషలో ఒక పుటను దోషము లేకుండ దిద్దుట కష్టము. కేట్ రాబర్ట్స్ ఆ రెండు పనులును చేసెను. పన్నెండేండ్ల రచనను అందుకు వెలగా నిచ్చెను. నేడు బాంగర్‌లోను, అబెరిస్ట్విత్‌లోను వ్రాతప్రతుల ముందు కూర్చుండు విద్యార్థులు ఆ భారమును పలువురు పంచుకొనుట నేర్చుకొనుచున్నారు. ఒకరు మోయలేని బరువును నలుగురు భుజము కలిపి మోసినపుడే చిన్న భాషయైనను దీర్ఘాయువు పొందును.